చెవి వెళ్లిన ఇల్లు

పొద్దున లేవగానే బాల్కనీలోకి వెళ్లి చెవిని లోపలికి తెచ్చుకోవడం రేఖకు అలవాటు. దాని అడుగున అంటిన రోడ్డు దుమ్మును తడిబట్టతో తుడిచి, టీవీ పక్కన పెట్టి, ఆ తర్వాతే టీ పెట్టుకునేది.

చెవి అంటే చెంబంత ఇత్తడి పరికరం. నేలలో పోయే నీటి పైపు మీద ఆనిస్తే ఎక్కడ కారుతోందో విని చెబుతుంది. ఐటీ ఉద్యోగం చేసుకుంటూనే రేఖ బాలానగర్‌లో దానికి పోత పోయించి, లోపలి సర్క్యూటు తానే కట్టి, ఏళ్ల తరబడి కుస్తీ పట్టి తయారుచేసింది. పేటెంటు ఆమె పేరు మీదే వచ్చింది. తర్వాత కాలేజీ స్నేహితుడు అజయ్‌తో కలిసి మాదాపూర్‌లో కంపెనీ పెట్టింది. అలాంటి చెవులు ఇప్పుడు ఊరంతా ఉన్నాయి గానీ, ఆ మొట్టమొదటిది మాత్రం పగలు ఎవరు ఎక్కడికి పట్టుకుపోయినా తెల్లారేసరికి తన యజమాని ఇంటికి వచ్చేస్తుంది. ఆఫీసులో ఎవరైనా వెతుక్కుంటే, “ఇంటికి పోయుంటది, మేడమ్‌కు ఫోన్ చెయ్యండి” అనేవారు. మదీనాగూడలో వాళ్ల అపార్టుమెంటు వాచ్‌మన్ పెంటయ్య, పాలవాడి కోసం తెరిచినట్టే దానికోసం కూడా గేటు కాస్త వారగా తెరిచి ఉంచేవాడు.

ఆ మంగళవారం బాల్కనీ ఖాళీగా ఉంది.

“చెవి రాలేదు,” అంది రేఖ.

చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న భర్త భరత్ తలెత్తలేదు. “ఆఫీసులనే మర్చిపోయి ఉంటవ్.”

“మర్చిపోతే ఆగుతదా అది?”

అతనంత నిదానంగా ఇస్త్రీ చేసుకోవడం ఆమెకు నచ్చలేదు. కిందికి దిగి పెంటయ్యను అడిగింది. గేటు వెయ్యలేదని అతను ఒట్టు పెట్టుకున్నాడు. అంతమాత్రానికి ఒట్టెందుకో అనిపించింది. ఆఫీసుకు వెళ్లేలోపు వంటమనిషి సంచీ మీద, ఎదురు ఫ్లాటు పిల్లాడి బ్యాగు మీద కూడా ఆమె చూపు ఆగింది.

అజయ్ గదిలోకి వెళ్లేసరికి అతను ల్యాప్‌టాప్ మూత దించేశాడు.

“చెవి ఇక్కడుందా?”

“మీ దగ్గరే కదండీ రేఖగారూ ఉండేది!” అన్నాడు నవ్వుతూ. కాలేజీ రోజుల్నుంచీ ‘ఒసే’ అని పిలిచేవాడు ఉన్నట్టుండి ‘అండీ’ అనేసరికి ఆమెకు లోపల ఎక్కడో కలుక్కుమంది.

అప్పుడు గుర్తొచ్చింది సంతకం సంగతి. వాళ్ల కంపెనీని పెద్ద కంపెనీ ఒకటి కొనబోతోంది. పేటెంటు కంపెనీ పేరు మీదకు మారితే తప్ప బేరం ముందుకు పోదని కిందటి నెల అజయ్ బదిలీ పత్రం తెచ్చాడు. “పుచ్చుకునేవాళ్ల పేరు దగ్గర ఖాళీ ఉంది, చూసుకో. మన కంపెనీ పేరు మారుస్తున్నాం కదా, కొత్త సర్టిఫికెట్ రాగానే టైపు చేయిస్తా,” అన్నాడు. ఆమె సంతకం పెట్టింది. పేటెంటు రిజిస్టర్లో పేరు మారిన రోజు చెవి ఇక తన ఇంటికి రాదని తెలుసు. ఆ దిగులుకు సిద్ధపడే ఉంది కూడా. కానీ పేటెంటు కంపెనీదే అయితే చెవి ఆఫీసులో ఉండాలి. అల్మరాలన్నీ తీయించి చూసింది. ఎక్కడా లేదు.

మధ్యాహ్నం అన్నం మానేసి, మొదట్లో తనకు పేటెంటు ఇప్పించిన ఏజెంటు పార్థసారథిగారి దగ్గరికి కొండాపూర్ వెళ్లింది. ఆయన పేటెంటు ఆఫీసు రిజిస్టరును కంప్యూటర్లో తెరిచి, కళ్లద్దాలు పైకి నెట్టుకున్నారు.

“పేరు నిన్ననే మారిందమ్మా. కానీ మీ కంపెనీ కాదిది. నీలధార టెక్నాలజీస్‌ట. బోరబండ అడ్రసు. కంపెనీల సైటులో చూస్తే డైరెక్టరుగా శిరీష అనే ఆవిడ పేరుంది.”

“సంతకం నాదే గదా సార్.”

“మీదేనండి. ఆ ఖాళీలో పేరు నింపింది మాత్రం వేరేవాళ్లు. రేపు కొనేవాళ్లు పేటెంటు నీలధార దగ్గర కొనుక్కుంటారు. మీ కంపెనీకీ మీకూ దక్కేదేమీ ఉండదు.”

శిరీష పేరు వినగానే రేఖకు ఒళ్లు మండిపోయింది. బోరబండ నుంచి వచ్చి తమ ఆఫీసు రిసెప్షన్‌లో కూర్చుని, రోజూ నోరారా ‘గుడ్ మార్నింగ్ మేడమ్’ అనే పిల్ల. ఇవాళ సెలవు పెట్టింది.

బోరబండ సందులో ఆ అడ్రసు పట్టుకుని మెట్లెక్కింది. శిరీష తలుపు తీసి, ఆమెను చూసి తెల్లబోయింది. ఒక్కటే గది. మంచం కింద చున్నీలో చుట్టిన మూట ఒకటి ఉంది. రేఖ వంగి చున్నీ లాగేసరికి చెవి బయటపడింది.

“దొంగతనం చెయ్యలే మేడమ్. పొద్దుగాల తలుపు తీస్తే గడప మీద ఉన్నది,” అంది శిరీష. “తెచ్చిస్తే నేనే ఎత్కపోయిన్ననుకుంటరని భయమైంది.”

“నీలధార అంటే ఏంది?”

“ఎవరు మేడమ్ ఆమె?”

ఆ జవాబుకు రేఖ నమ్మాలో కొట్టాలో తేల్చుకోలేకపోయింది. “నీ ఆధార్ ఎవరికన్న ఇచ్చినవా?”

“అజయ్ సార్ తీస్కున్నరు. పర్మనెంట్ చేస్తమని చానా సంతకాలు పెట్టించుకున్నరు. శుక్రారం గూడ ఏదో సంతకం ఉందంట, రమ్మన్నరు.”

“నీలధార నీ పేరు మీద పెట్టిన కంపెనీ. ఆ సంతకం పెడితే నా పేటెంటు అమ్ముడుపోతది, రేపు కోర్టులో నిలబడేది నువ్వు, ఆయన కాదు. వద్దు. నాకు తిరిగి రాసియ్యి. కాగితం నేను తయారు చేయిస్త. జర సంతకం పెట్టు చాలు, ఫికర్ లేదు.”

శిరీష ఒక అడుగు వెనక్కి వేసింది. “సార్ గూడ గిట్లనే అన్నరు మేడమ్. సంతకం పెట్టు, ఫికర్ లేదని.”

“నేను ఆయనలెక్క కనబడుతున్ననా?”

“నాకెట్ల తెలుస్తది? తాండూరుల మా మేనమామ వకీలు. ఆయన చదివినంకనే పెడ్త.”

రేఖకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెవిని చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. పొద్దున చూస్తే బాల్కనీ మళ్లీ ఖాళీ.

శుక్రవారం శిరీష ఆఫీసుకు వెళ్లలేదు. అజయ్ ఫోన్ చేసి మొదట బుజ్జగించాడు, తర్వాత బెదిరించాడు. మామ చదవాలనే ఒక్క మాటే ఆమె అతనికీ చెప్పింది. ఆదివారం మేనమామ వచ్చాడు. పార్థసారథిగారు రాసిన తిరుగు బదిలీ పత్రాన్ని మూడు టీలు తాగుతూ చదివి, రెండు చోట్ల మార్పించి, అప్పుడు మేనకోడలి చేతికి పెన్ను ఇచ్చాడు. దాన్ని నమోదు చెయ్యమని దరఖాస్తు, మొదటి బదిలీ మీద ఫిర్యాదు కూడా పేటెంటు ఆఫీసుకు వెళ్లాయి. సంగతి తెలిసి కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. రేఖ, శిరీష ఇద్దరూ ఆఫీసు మానేశారు.

“ఇంక నాదే గదా సార్?” అని అడిగింది రేఖ.

“రిజిస్టర్లో పేరు ఎక్కేదాకా ధీమాగా ఉండకండమ్మా,” అన్నారాయన.

ఆ మాట ఆమెను నిద్రపోనివ్వలేదు. ఈలోపు శిరీష మనసు మారితే? అజయ్ ఆమెకు ఇంకేదైనా ఆశ చూపితే? కూరగాయల వంకతో ఒక రోజు, ఊరికే ఇంకో రోజు బోరబండ వెళ్లి తొంగిచూసేది. శిరీష కూర్చోమనేది కాదు. చెవి మీది గుడ్డ ఎత్తి, “చూస్కోండ్రి,” అని మళ్లీ కప్పేసేది. వారాలు అలాగే గడిచాయి.

ఒక రోజు పొద్దున్నే పార్థసారథిగారు ఫోన్ చేశారు. “నిన్న సాయంత్రం మీ పేరు ఎక్కిందమ్మా.”

రేఖ బాల్కనీలోకి పరుగెత్తింది. ఏమీ లేదు.

చెప్పులు సరిగా వేసుకోకుండానే ఆటో ఎక్కింది. బోరబండ గదికి తాళం వేసి ఉంది. “పొద్దుగాలనే సంచి పట్కొని పోయింది,” అంది పక్కింటి నీలమ్మ. శిరీష ఫోను ఎత్తలేదు. చేసింది చాలక చివరికి వస్తువును కూడా అమ్ముకుందనుకుంటూ, పోలీసులకు ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంటూ ఇంటికి వచ్చింది.

గేటు లోపల పెంటయ్య కుర్చీలో శిరీష కూర్చుని ఉంది. ఒళ్లో సంచి, సంచిలో చెవి.

“ఎటు పోయిన్రు మేడమ్ ఇంత పొద్దుగాల?”

జవాబు కోసం ఆగకుండా శిరీషే చెప్పుకొచ్చింది. “లేచి చూస్తె తలుపుకు ఆనుకొని ఉన్నది. నేనేమో గొళ్లెం పెట్టుకుంటి, పోనీకి తొవ్వ లేదు దానికి. ఇగ మీ పేరు ఎక్కిందని సమజైంది. ఈ ట్రాఫిక్‌ల ఒక్కటే ఎట్ల పోతది పాపం అని రైలెక్కించి తెచ్చిన. హఫీజ్‌పేటల దిగి నడుసుకుంట వొస్తి. రైల్ల లొల్లికి ఫోన్ వినబడలే.” ఆగి, రేఖ ముఖంలోకి చూసింది. “మా ఇంటికే పోయిన్రా?”

“అవును.”

ఎందుకని శిరీష అడగలేదు. సంచిలోంచి చెవిని తీసి, చున్నీ కొసతో దాని అడుగు తుడిచి చేతికిచ్చింది. ఇత్తడి ఇంకా ఆమె ఒడి వేడితో ఉంది.

“బాలానగర్‌ల చిన్న షెడ్డు చూస్తున్న,” అంది రేఖ. అంతవరకూ ఆ మాట భరత్‌తో కూడా అనలేదు. ఇప్పుడెందుకు వచ్చిందో తనకే తెలియలేదు. “నా సొంతంగ పెడ్త. లెక్కలు, ఆఫీసు పని చూసుకునేటోళ్లు కావాలె. వస్తవా? జీతంతోపాటు అమ్మకాల్ల వాటా గూడ ఇస్త.”

శిరీష కుర్చీలోంచి లేచి, ఖాళీ సంచిని మడిచి చంకన పెట్టుకుంది.

“ముందుగాల కాగితం చూపియ్యండ్రి,” అంది. “మామకు పంపాలె.”

“రా, లోపల కూసొని రాద్దాం,” అంది రేఖ. ఆ మాటకు ఆమెకు ఈసారి కోపం రాలేదు.