ఇరవై ఆరు గుండ్లు

"కాళీ, ఆ మెడలోది ఓపాలి తీసియ్యే" అన్నాడు నూకన్న.

నేను వాకిట్లో కూర్చుని కూరకి చేపలు తోముతున్నాను. మోచేతులదాకా పొలుసు. ఆయన గడప మీద చుట్ట కాలుస్తూ, గ్లాసు మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా అడిగాడు. నా మెడలోది అంటే గుండ్ల పేరు. పావు తులం చొప్పున ఇరవై ఆరు బంగారు గుండ్లు, నల్లదారానికి గుచ్చినవి. ఇన్నేళ్ళుగా ఆ పేరుని వెక్కిరించిన నోరే ఇప్పుడు దాన్ని అడుగుతోంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. రెండూ బయట పెట్టకుండా ఇంకో చేప అందుకున్నాను.

"ఇనబడిందేటి?"

"ఇనబడింది. సేతులు నీసు కంపు కొడతన్నాయి."

ఇంతవరకూ రావడానికి కారణం ఒక పాలపొడి డబ్బా. ఈ దీవుల్లో ఏడాదికి ఎనిమిది నెలలు వాన. గోడ చెమర్చుతుంది, చాప చెమర్చుతుంది, ట్రంకు పెట్టెలో పెట్టిన బట్టకి బూజు పడుతుంది. నూకన్న మొదట్లో దాచిన ఐదులూ పదులూ అప్పడాల్లా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మిగిలినవి చెదలు తిన్నాయి. అందుకని ఆయనకో తెలివి పుట్టింది. నోట్లు తక్కువైతే డబ్బా చిన్నదైనా సరిపోతుంది, గాలి చొరబడకుండా బిగించుకోవచ్చు అనుకున్నాడు. సముద్రంలో మునిగి గవ్వలు తీసి అమ్మిన డబ్బునంతా, షెల్లు కంట్రాక్టరు దగ్గర ఏళ్ళ తరబడి పోగేయించి, వెయ్యి రూపాయల నోట్లుగా అడిగి పుచ్చుకున్నాడు. ఐదు నోట్లు. పాలపొడి డబ్బాలో పెట్టి, మూత చుట్టూ కొవ్వొత్తి మైనం పోసి, దూలానికి వేలాడదీశాడు. వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించేవాడు. "ఆడోళ్ళు మెడలో యేలాడేసుకుంటారు, పని సెయ్యదు, పాడు సెయ్యదు. బంగారం గుడ్లు పెడతాదేటి? నోటంటే నడుస్తాది" అనేవాడు. నా ముందే, నా వంక చూస్తూనే అనేవాడు.

డెబ్బై ఎనిమిది జనవరిలో ఆయన గవ్వల కోసం దక్షిణాన ఉన్న దీవులకి వెళ్ళాడు. ఇరవై రోజుల ప్రయాణం. వెళ్ళిన వారానికే రేడియోలో చెప్పారు, వెయ్యి నోట్లూ అంతకు పైవీ ఇక చెల్లవని, ఉన్నవాళ్ళు మూడు రోజుల్లో బ్యాంకులో ఇచ్చుకోవాలని. నేను డబ్బా దింపి మైనం గీకి, నోట్లు పట్టుకుని బ్యాంకుకి పరిగెత్తాను. నోటు ఎవరిది, డబ్బు ఎక్కడిది, కాగితం మీద రాసి సంతకం పెట్టాలన్నారు. మగమనిషిని పంపమన్నారు. మగమనిషి నడిసముద్రంలో ఉన్నాడు. ఆయన తిరిగొచ్చేసరికి గడువూ, గడువు మీద ఇచ్చిన గడువూ రెండూ అయిపోయాయి.

ఆ నోట్లకి చిన్న మరక కూడా లేదు. ఒక్క చెదపురుగు ముట్టలేదు. నూకన్న వాటిని చాప మీద పరిచి చాలాసేపు చూశాడు. "సూడే, ఎంత బాగున్నాయో" అన్నాడు. ఆ పూట నాకు నిజంగా జాలేసింది. మునిగి మునిగి ఆయన చెవుల్లోంచి రక్తం కారిన రోజులు నాకు తెలుసు.

ఆ జాలి ఆరకముందే ఇదిగో, మెడలోది తియ్యమంటున్నాడు. సర్కారు వాళ్ళు ఇంజను బోట్లు ఇస్తున్నారట. సగం సబ్సిడీ, సగం మనం కట్టుకోవాలి. ఆ సగం నా మెడలో ఉంది.

"మొగోడు అడిగితే తియ్యాల" అంది లోపల్నించి మా అత్త గురమ్మ. "ఆడదాని మెడలో బంగారం మొగుడి మొకం సూసి యేసుకునీదే."

మా పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన చెవి కమ్మలూ, ముక్కుకి పెట్టుకునే అడ్డబాసా ఇలాగే పోయాయి. విశాఖపట్నంలో ఓడెక్కి ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది వల కొనాలన్నారు. "రెండు సీజన్లు ఆగు, అంతకంత సేయిస్తాను" అన్నాడు నూకన్న. వల పాతబడింది, చిరిగింది, దాని ముక్కలతో కోళ్ళకి గూడు కట్టాం. కమ్మలు రాలేదు. అడిగితే "ఇంట్లో కూకుని తిన్నదానికి కమ్మలెందుకే" అన్నారు. ఇంట్లో కూర్చున్నది ఎవరో నాకిప్పటికీ తెలీదు. తెల్లారకముందే ఒడ్డున చేపలు ఏరి, గంప నెత్తినెట్టుకుని, ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ వెళ్ళి వీధి వీధీ అరిచి అమ్మి, తిరిగొచ్చి పైసలు మొగుడి చేతిలో పోసి, వండి, వల బాగుచేసి, అత్తకి కాళ్ళు పిసికినది మాత్రం నేనే. ఆ పైసల్లో మల్లెపూల మూర కొనుక్కున్నా లెక్క చెప్పాలి. ఒకసారి ఫెర్రీలో దాహమేసి టీ తాగితే వారం రోజులు టీ గురించే విన్నాను.

అప్పుడే తెలుసుకున్నాను. వాళ్ళు పెట్టిన బంగారం వాళ్ళదే, నేను కొనుక్కున్నదైతేనే నాది.

ఆ మాటే నూకన్న ఎదుట అన్నాను. ఆయన చుట్ట నేలకేసి నలిపాడు.

"నువ్వు కొన్నావా? ఏటి పెట్టి కొన్నావే? ఎండుసేపలమ్మి. ఆ సేపలు పట్టిందెవుడు? నాను. అంటే ఆ గుండ్లు ఎవుడివి?"

ఆ మాట నన్ను మూడు రోజులు వదల్లేదు. గంప మోస్తుంటే అదే, ఫెర్రీలో అదే. నిజమే కదా, పట్టింది ఆయనే కదా, నేను ఎండబెట్టాను, అంతేగా అనిపించేది. మనసు ఎంత గడుసుదంటే, తనకి అన్యాయం జరిగిన చోట కూడా అవతలివాడి తరఫున వకాల్తా పుచ్చుకుంటుంది. ఆడదాని మనసైతే ఫీజు కూడా అడగదు.

మూడో రోజు ఆస్టినాబాద్‌లో కృపావతి ఇంటికి చేపలిచ్చాను. ఆమె ఒక ఆఫీసులో టైపిస్టు, ఆదివారాలు తెలుగు చర్చిలో పాటలు పాడిస్తుంది, బేరమాడదు. నేను కొంగున ముడేసుకున్న చచ్చిన నోటొకటి తీసి చూపించాను. ఏం రాసుందో చదవమన్నాను.

"తెచ్చినవాళ్ళకి వెయ్యి రూపాయలు ఇస్తానని వాగ్దానం చేస్తున్నాను అని రాసుంది కాళమ్మా."

"ఎవరు సేస్తన్నారు?"

"రిజర్వు బ్యాంకు పెద్దాయన. కింద సంతకం కూడా ఉంది."

"ఇలాంటి మాట మా ఇంట్లోనూ ఉంది దీదీ. దానికి సంతకం కూడా లేదు" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నా మెడ వంక చూసి, విషయమేమిటని అడిగింది. చెప్పాను. పట్టింది ఆయనే కదా అని కూడా చెప్పాను. నేను చేప ముట్టనని ఆమెకి ముందే తెలుసు, ఒక్కటే అడిగింది. "సరే, మీ ఇంటికని తెచ్చిన చేపల్లో నీ వంతు నువ్వు తినేదానివా?"

లేదని చెప్పి, గంప దించి అక్కడే గుమ్మంలో కూర్చున్నాను.

మావాళ్ళలో ఒక పద్ధతుంది. అమ్మకపు చేప వేరు, కూర చేప వేరు. పడవ ఒడ్డుకి రాగానే వాటాలేయకముందే, వెళ్ళిన ప్రతి మనిషి ఇంటికీ కూరకని కొన్ని చేపలు తీసిపెడతారు. దానికి ఖరీదు కట్టరు, ఎవరూ అడగరు. ఇంట్లో ఉన్న నోళ్ళని బట్టి అవి వస్తాయి. మా ఇంట్లో మూడు నోళ్ళు. నడుం ముక్కలు ఆయనకి, తల అత్తకి, తోక నాకు. నా తోక ముక్క నాకొద్దని, నా వంతుకి వచ్చే చేపని పచ్చిగానే పక్కన పెట్టేదాన్ని. ఉప్పు పట్టించి, రేకు మీద ఎండబెట్టేదాన్ని. పులుసు నీళ్ళు కలుపుకుని అన్నం తినేదాన్ని. అడిగితే "నాకు సేప పడదు" అనేదాన్ని. చేపలోళ్ళ పిల్లకి చేప పడకపోవడమేమిటని ఈ ఇంట్లో పద్దెనిమిదేళ్ళలో ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు. కడుపుతో ఉన్నప్పుడు కూడా పులుసు నీళ్ళే. ఆ బిడ్డ నిలవలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి. నేను మాత్రం తల్చుకున్నప్పుడల్లా ఉందనే ఏడ్చాను.

గంపెడు ఎండుచేపలు పోగవగానే వాటిని అమ్మి, మిడిల్ పాయింట్‌లో కంసాలి అప్పయ్య దగ్గరికి వెళ్ళేదాన్ని. ఒక్కో గుండు. నోటు చేతిలోకి వస్తే ఒక రాత్రి కూడా ఇంట్లో నిద్రపోనిచ్చేదాన్ని కాదు. నోటైతే అడిగేస్తారు, అప్పిస్తారు, తాగేస్తారు, దాస్తే చెదలు తింటాయి. గుండుకి తడి తగిలితే తుడుచుకుంటే చాలు. మొదటి గుండు కొన్నప్పుడు ముప్పై రూపాయల లోపే. ఇప్పుడు అదే గుండుకి నూటడెబ్బై ఇస్తానంటాడు అప్పయ్య. నేను తినని ముక్కలే నా మెడలో ఆరింతలయ్యాయి.

"ఆడోళ్ళకి బోటు ఇవ్వరేటి దీదీ?" అని అడిగాను.

"ఇవ్వకూడదని రూలు లేదు. ఎవరూ అడగలేదంతే" అంది కృపావతి. తనే దరఖాస్తు రాసింది. పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలేయమన్నాను. ఆఫీసులో ఎదురుగా నిలబడి చెప్పాలనిపించింది.

ఇంటికొచ్చి ఈసారి గట్టిగానే అన్నాను. "ఆ సేపలు నువ్వు పట్టినవే. కానీ తినవలసిన నోరు నాది. నువ్వు నాకు తెచ్చిపెట్టిన కూడు నాను తినకుండా దాసుకున్నాను. నా ఆకలిలో నీకు వాటా లేదు."

"సేప పడదన్నావు కదే" అన్నాడు నూకన్న, మోసపోయినవాడిలా. అప్పుడు నాకు జాలి కలగలేదు.

మా అత్త మంచం మీద లేచి కూర్చుంది. తిడుతుందనుకున్నాను. "రేకు మీద సేపలు రోజూ సూసీదాన్ని" అంది మెల్లిగా. "నానూ ఒకప్పుడు ముగ్గురు కోడళ్ళున్న ఇంట్లో కోడలిగా కాపరం సేసినదాన్నే. నాకెందుకు తట్టనేదో ఆ బుద్ధి." మళ్ళీ పడుకుని గోడవైపు తిరిగింది.

రెండు రోజుల తర్వాత నూకన్న తనే దిగొచ్చాడు. ఇంకొకళ్ళ పడవ మీద కూలికెళ్ళడం ఆయనకి నామర్దా. "మరి బోటు గావాలా వద్దా?" అన్నాడు.

"కావాల. ముందు ఆఫీసులో పేరు పడాల. తరవాతే గుండ్లు తీస్తాను."

"ఓస్, అంతేనా" అని తేలికపడ్డాడు. పేరు అనగానే తన పేరే అనుకున్నాడు. ఇంకో పేరు ఉండొచ్చని ఆయన ఊహకి అందలేదు. నేను అబద్ధమాడలేదు, అడగనిది చెప్పలేదు.

సోమవారం ఇద్దరం బోట్లకి సబ్సిడీ ఇచ్చే ఆఫీసుకి వెళ్ళాం. ఆయన ఇస్త్రీ చొక్కా తొడిగాడు, తలకి నూనె రాశాడు. నేను ఒక అడుగు వెనక నిలబడ్డాను, అలవాటు చావదు కదా. గుమస్తా కుర్రతనం పోని మనిషి, బెంగాలీ అనుకుంటాను, మావాళ్ళతో పడి తెలుగు అర్థమవుతుంది. దరఖాస్తు తిరగేసి, కలం మూత తీసి, యజమాని పేరు అడిగాడు.

"మాలిక్ కా నామ్?"

"నూకన్న" అన్నాడు నా మొగుడు.

"కాళమ్మ" అన్నాను నేను, ఒక అడుగు ముందుకేసి.

గుమస్తా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. నూకన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. "మతి పోనాదేటే నీకు? నలుగురూ నవ్వుతారు. ఆడదాని బోటు మీద ఎవుడెక్కుతాడు?" పళ్ళ సందుల్లోంచి అన్నాడు. ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో, ఈ మనిషి కొడతాడో, వదిలేస్తాడో తెలీదు. అయినా చెయ్యి విడిపించుకున్నాను. మెడలోంచి పేరు తీసి బల్ల మీద పెట్టాను. గుండ్లు కొంచెం దొర్లి ఆగాయి.

"భయ్యా, పైసా యే హై. యే మేరా హై" అన్నాను. డబ్బు ఇది, ఇది నాది అని. నాకొచ్చిన హిందీ అంతే, మిగతాది తెలుగులో కానిచ్చాను. "బోటు నా పేరు మీద రాయండి. లేకపోతే ఇది మళ్ళీ నా మెడలోకి పోతుంది, మేం ఇంటికి పోతాం."

గుమస్తా ఒకసారి గుండ్లకేసి చూశాడు, ఒకసారి రూల్ పుస్తకానికేసి చూశాడు. పుస్తకంలో నాకు అడ్డొచ్చేదేమీ దొరకలేదు కాబోలు, నెమ్మదిగా నా పేరు రాశాడు. దాని కింది గడిలో, మొగుడి పేరుకని కేటాయించిన చోట, నూకన్న అని రాశాడు. నూకన్న కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. చెప్పులేసుకుని వెళ్ళిపోతాడనుకున్నాను, కానీ వెళ్ళలేదు.

"దీదీ, బోట్ చలాయేగా కౌన్?" అనడిగాడు గుమస్తా, కలం ఎత్తి. బోటు నడిపేదెవరట.

డబ్బు కట్టే రోజు అప్పయ్యకి అమ్ముదామని, నేను గుండ్ల పేరు మళ్ళీ మెడలో వేసుకుని, నా మొగుడి వైపు తిరిగాను.

"ఈయన పని బాగా తెలిసిన మనిషే భయ్యా. నా బోటు మీద వాటాకి వస్తాడో రాడో, మీరే అడగండి."