ఈస్టరుకు పొంగని జాడీ

రాజమణికి భయం లేని రోజంటూ ఉంటే, ఆ రోజు ఏదో ఘోరం జరగబోతోందని భయపడేది. భర్త దుర్గయ్య రైల్వే వర్క్‌షాపు నుంచి ఆలస్యంగా వస్తే ఇంజను కింద పడ్డాడనుకునేది. వేళకు వస్తే కొలువు ఊడిందనుకునేది. అలాంటి మనిషి చేతిలో సుందరమ్మ పెద్దమ్మ తన జాడీ పెట్టింది.

ఛత్రినాకలో వాళ్ల చిన్న చర్చికి ఈస్టరు నాటి ప్రభుభోజనానికి ద్రాక్షరసం ఏళ్ల తరబడి సుందరమ్మే పులియబెట్టేది. చూపు మందగించడంతో ఆ ఏడు పని రాజమణికి అప్పగించింది. రాజమణి వాకిట్లో పందిరి నిండా నల్లద్రాక్ష ఉండడమే అందుకు కారణం.

"ద్రాక్షపండ్లు, చక్కెర. మూడోది పడొద్దు. ప్రభువు బల్ల మీదికి పొయ్యేది ఇది. పండ్లకు నీళ్లు తగలనియ్యకు, పొడిగుడ్డతోని తుడువు," అని చెప్పింది సుందరమ్మ. "మంచిగైతే జాడీ నీదే. కాకుంటే మన చర్చిల కాశమ్మ అడుగుతనే ఉన్నది, ఆమెకిస్త."

ఇక రాజమణికి కంటి మీద కునుకు లేదు. చలికాలంలో ఆకుల మీద బూడిద తెగులు కనబడగానే, పండ్లు లేవు, రసం లేదు, చర్చిలో తలెత్తుకునేది లేదు అని నిశ్చయించుకుంది. దుర్గయ్య ఎక్కడి నుంచో పంపు అడిగి తెచ్చి, మైలుతుత్తం, సున్నం కలిపిన నీలం నీళ్లు కొట్టాడు. గంధకప్పొడిని పలచటి గుడ్డలో కట్టి తీగంతా దులిపాడు. తెగులు పోయింది.

"పోలేదు. దాక్కున్నది," అంది రాజమణి.

మళ్లీ కొట్టాడు. కాయలు రంగు తిరిగి, రేపో మాపో కోయాలనగా రాజమణి పంపు తెచ్చి మళ్లీ అతని ముందు పెట్టింది.

"తెగులు సచ్చిందే, దాని తాతముత్తాతలు గూడ సచ్చిన్రు. ఇంకెవలిని చంపాలె?"

"నా తృప్తికి ఇంకొక్కపారి కొట్టయ్యా!"

పంపు చప్పుడు వినబడినప్పుడల్లా పక్కింటి రాధాబాయి మిద్దెక్కేది. పందిరి మీది నుంచి ఒక కొమ్మ గోడ దాటి వాళ్ల మిద్దె మీదికి పాకింది. దాని పక్కనే ఆమె వడియాలు ఎండేవి.

"దుర్గయ్యా! నా వడియాల మీద ఒక్క నీలం చుక్క పడాలె, అప్పుడు చెప్త నీ సంగతి!" అని గొడుగు విప్పి నిలబడేది. దాంతో ఆ కొమ్మను అతను ఎన్నడూ ముట్టుకోలేదు. ఆ కొమ్మకు కాసిన గుత్తులను పిట్టలు పొడిచాయి. సగం కాయలు మచ్చలు పడ్డాయి. వాటిని చూసి రాజమణి మూతి తిప్పుకునేది.

తన పందిరి గుత్తులు మాత్రం నిగనిగలాడాయి. కోసి చేటలో పోసుకున్నాక చూసుకుంది, తొక్కల మీద నీలం మరకలు. మైలుతుత్తం అంటే విషం గదా! ఈ రసం తాగి చర్చికి చర్చి పడిపోతే? పాస్టరు అయ్యగారే మొదట తాగుతారాయె!

సరిగ్గా అప్పుడే బడి నుంచి వచ్చిన కూతురు సావిత్రి ఆవులించింది. పిల్ల నాలుక నీలంగా ఉంది.

"అయ్యో నా బిడ్డ! పండ్లు తిన్నవా?" అని రాజమణి పెట్టిన కేకకు గల్లీ గల్లీ పోగైంది. ఉప్పునీళ్లు తాగించబోతే పిల్ల తప్పించుకుని పందిరి గుంజ పట్టుకుంది.

"పండ్లు కాదే అమ్మా, సిరా! పాళీ నాకిన!"

అయినా రాజమణి ఊరుకోలేదు. సుందరమ్మ మాట పక్కన పెట్టి, పండ్లను చన్నీళ్లలో కడిగింది, ఉప్పునీళ్లలో కడిగింది, ఒక్కొక్క కాయనూ తలంటు పోసినట్టు రుద్ది రుద్ది కడిగింది. మరకలన్నీ పోయాక ఆరబెట్టి, చిదిమి, చక్కెర వేసి, జాడీలో పోసి గుడ్డ కట్టింది.

మర్నాడు జాడీకి చెవి ఆనించి విన్నది. చప్పుడు లేదు. ఆ మర్నాడూ లేదు. సుందరమ్మ జాడీ పెట్టిన రోజుల్లో లోపల సినిమాహాలు జనం గుసగుసలాడినట్టు ఉండేది. ఇది మాత్రం అలిగిన కోడలిలా నోరు విప్పదు. శ్రమదినాల ఉపవాసాలు గడిచిపోతున్నాయి. ఈస్టరు దగ్గర పడుతోంది.

"కాశమ్మ కండ్లు తగిలినయి," అంది రాజమణి.

"కాశమ్మ మన గల్లీకే రాలే. ఫికర్ చెయ్యకే," అన్నాడు దుర్గయ్య. "నాన్ బట్టీ కాడికి పోయి చెంచెడు ఖమీర్ తెస్త. రొట్టెను పొంగించింది రసాన్ని పొంగియ్యదా?"

"మూడోది పడొద్దన్నది పెద్దమ్మ! బల్ల మీది రసం నాన్‌రొట్టె వాసనొస్తే అయ్యగారేమంటరు?"

ఆ మాట పూర్తయ్యిందో లేదో, గోడ మీద రాధాబాయి తల లేచింది.

"రాజమణీ! నీ ద్రాక్ష నా వంటిల్లంతా ఆగం చేసిందే! మా ఆయన నీరసానికని మిద్దె మీది కొమ్మ పండ్లు కోసి, బెల్లం, మిరియాలు వేసి మందు పెట్టిన. పొంగి పొంగి, కుండ మీది గుడ్డను ఎగరేసింది. మొన్నటి సంది తుడుస్తున్న, ఆగుత లేదు!"

రాజమణి ఒకసారి గోడ వంక, ఒకసారి తన జాడీ వంక చూసింది. ఒకటే తీగ, ఒకటే వేరు. గోడ అవతల ఇల్లు ముంచుతోంది, ఇవతల చడీచప్పుడూ లేదు.

"కడిగినవా రాధాబాయమ్మా?"

"ఎందుకు కడుగుత? నా కొమ్మ మీద నీ మొగని నీలం నీళ్లు పడనిచ్చిన్నా ఏంది?"

దుర్గయ్య బుర్ర గోక్కున్నాడు. "గట్లనా! ఓ రాజమణీ, ఖమీర్ లాంటిది ఏందో ద్రాక్షతొక్క మీద దానంతటదే ఉంటది గావచ్చు. మనం తెగులును చంపిన మందుతోనే దాన్ని గూడ చంపినం. సావగా మిగిలిందాన్ని నువ్వు స్నానం చేయించి సాగనంపినవ్."

"నేనా? కొట్టింది నువ్వు!"

"కొట్టమన్నది?"

రాజమణి ఆ లెక్క తరువాత తేల్చుకోవచ్చనుకుని గోడ దగ్గరికి పరుగెత్తింది. "రాధాబాయమ్మా, నీ కొమ్మకు ఇంకా గుత్తులున్నయా? రెండియ్యి తల్లీ, అదే తీగ పండ్లాయె, మూడోది పడ్డట్టు గాదు. లేకుంటే జాడీ కాశమ్మకు పోతది!"

"రామ రామ! నీ సారాయిల నా పండ్లా?"

"సారాయి గాదమ్మా, బల్ల మీదికి."

"నాది మందు. నీది వేరే!"

ఇంతలో ఆమె వెనుక భర్త విఠల్‌రావు ప్రత్యక్షమయ్యాడు. సంక్రాంతి ముందు నుంచీ మంచం దిగని మనిషి, బుగ్గలు ఎర్రబడి, చేతిలో ఖాళీ గిలాసతో నిటారుగా నిలబడ్డాడు.

"ఇయ్యవే! ఇరుగుపొరుగోళ్లం గదా," అన్నాడు. "మస్తు మందు రాజమణీ, మస్తు మందు! నీరసం ఏడికి పోయిందో!"

"వడకట్టక ముందే తాగినవా?" అని రాధాబాయి తల పట్టుకుంది. ఆయన ఇంకేం మాట్లాడితే ఏం బయటపడుతుందోనని మిద్దెక్కి, మిగిలిన పిట్టకొరుకుడు గుత్తులు కోసి తెచ్చింది. "ఇచ్చినట్టు ఎవ్వలికీ చెప్పకు. ఇంకోటి, వచ్చేయేడు గూడ ఆ కొమ్మ మీద నీలం చుక్క పడొద్దు!"

రాజమణి ఆ పండ్లలో మంచివి ఏరి, నీళ్ల జోలికి పోకుండా పొడిగుడ్డతో తుడిచి, చిదిమి గిన్నెలో మూతేసి పెట్టింది. అవి బుడగలు కట్టాక తీసుకెళ్లి జాడీలో కలిపింది. మర్నాడు చెవి ఆనిస్తే గుసగుస. ఆ మర్నాడు లొల్లి. ఆమె ప్రాణం కుదుటపడిందా అంటే లేదు. జాడీ పగులుతుందని భయం, చప్పుడు విని ఆబ్కారీ వాళ్లు వస్తారని భయం. గుడ్డ మీద గుడ్డ కప్పి, పక్కనే చాప వేసుకుంది.

పొంగు చల్లారి రసం తేరుకున్నాక అసలు భయం ముందుకొచ్చింది. "ఎవలన్న ముందుగాల తాగి చూడాలె."

"నేను సస్త తియ్యి," అని దుర్గయ్య గిలాస పట్టాడు. తాగాడు. ఆలోచించాడు. "తెలుస్తలేదే. ఇంకోపారి సావాలె," అన్నాడు.

ఈస్టరు నాడు గిన్నె చేతులు మారుతుంటే రాజమణి ప్రార్థన మరిచి, ఒక్కొక్కరి గొంతు కదలడం చూస్తూ కూర్చుంది. పాస్టరు అయ్యగారు బాగున్నారు. కాశమ్మ బాగుంది. సుందరమ్మ ఒక గుక్క మింగి, కళ్లు మూసుకుంది. ఎంతకీ తెరవలేదు. రాజమణి లేచి పరుగెత్తబోయింది.

"కూసోవే," అంది సుందరమ్మ కళ్లు తెరవకుండానే. "జాడీ నీ ఇంట్లనే ఉండనీ."

మళ్లీ చలికాలం వచ్చింది. ఆకుల మీద బూడిద కనబడింది. దుర్గయ్య పంపు తీశాడు. రాజమణి పందిరి కింద నిలబడి, కోతల దాకా కొడుతూ పోవద్దని, ముందుగానే ఆపాలని వేలు చూపిస్తూ చెబుతోంది. మిద్దె మీద గొడుగు విచ్చుకుంది. ఈసారి దాన్ని పట్టుకున్నది విఠల్‌రావు. వడియాలు ఎండలోనే ఉన్నాయి. ఆయన గొడుగు మాత్రం కొమ్మ మీద ఉంది.