ఈరోజే ఆఖరు

నూకరత్నం బస్టాండు సెంటర్లో "ఈరోజే ఆఖరు" అని ఏడేళ్ళు అరిచాక, ఒక మంగళవారం నాడు రోజు మారడం మానేస్తుంది. సాయంత్రం నాలుగుంపావు దగ్గర పొద్దు ఆగిపోతుంది. ఆగిపోయి, ఇంక కదలదు.

మొదట్లో ఎవరూ పట్టించుకోరు. పట్టించుకునే తీరికెవరికుంది? నాలుగూ ఇరవైకి బయల్దేరాల్సిన భీమవరం బస్సు నిండా జనంతో నిలబడే ఉంటుంది. "టైమయితే తీసేత్తామండి" అంటాడు కండక్టరు. టైమవదు. పొద్దున నున్నగా గీసుకుని డ్యూటీకెక్కిన ఆ కండక్టరు గడ్డం టిక్కెట్ల మిషను దాకా దిగింది. ఒక్క ప్రయాణికుడూ బస్సు దిగడు. దిగితే సీటు పోతుంది కదా.

ఆ బస్సుకి ఎదురుగానే నూకరత్నం తోపుడుబండి. దాని మీద మొహానికి రాసుకునే మెరుపుతీగ క్రీము డబ్బీలు గుట్టగా పోసి ఉంటాయి. ప్రతి డబ్బీ మీదా అయిదువందలని అచ్చేసి, ఆ అంకెని ఎర్రగీతతో కొట్టేసి, పక్కన తొంభై అని రాసి ఉంటుంది. ఆ డబ్బీని అయిదువందలకి ఈ భూమ్మీద ఎవ్వరూ ఎప్పుడూ కొనలేదు. కొట్టేయించుకోవడానికే పుట్టిన అంకె అది.

"అమ్మల్లారా, అక్కల్లారా! కంపెనీ ఎత్తేత్తన్నారు! ఈరోజే ఆఖరు!" అంటుంది నూకరత్నం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ నోరెంత మంచిదంటే ఏడేళ్ళూ ఊరు దాన్ని నమ్మింది. చివరికి పొద్దు కూడా నమ్మింది.

సరుకు తెచ్చే కంపెనీ మనిషి అబ్బులు గారికి మాత్రం మహా సంతోషంగా ఉంటుంది. ఆయన చేతిలో ఎప్పుడూ డేటు స్టిక్కర్ల చుట్ట ఒకటి ఉంటుంది. గడువు దాటిన డబ్బీల మీద, పాత డేటు కనపడకుండా కొత్త డేటు అంటించడం నూకరత్నం పనే. వంకరగా పడితే బొటనవేలి గోటితో లేపి మళ్ళీ అంటిస్తుంది. ఆ గోరు అందుకనే పెంచింది.

"ఇంక స్టిక్కర్లతో పన్లేదు రత్నం" అంటాడు అబ్బులు గారు. "రోజు మారకపోతే సరుకు పాడవదు కదా. మిగిలినయ్యి ఎక్కడో చోట నేనే అంటించేత్తాలే. నువ్వు మాత్రం నోరు మూయకు."

రోజయితే ఆగింది గానీ మంట ఆగలేదు. బండి కింద నీడలో నూకరత్నం కూతురు భవాని పడుకుని ఉంటుంది. పదో తరగతి పిల్ల. కుడి బుగ్గ మీద తడిగుడ్డ. గుడ్డ తీస్తే, క్రీము తగిలిన చోటల్లా చర్మం ఉల్లిపొరలా లేచి నీరు కారుతోంది. ఆ ఎరుపు మెల్లిగా కంటి వైపు పాకుతోంది.

"ఎవరు రాశారే ఆ పిల్లకి?" అని అడిగిన వాళ్ళకి నూకరత్నం దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. "నాకు తెలీకుండా రాసేసుకుందండి. ఆడపిల్లల సోకులు తెలిసిందేగా." బండి కింద భవాని ఆ మాట వింటుంది. నలుగురిలో తల్లిని తప్పుపట్టే పిల్ల కాదది.

నూకరత్నం, దారిపొడవునా అలవాటు కొద్దీ అరుస్తూనే, కూతుర్ని పెద్దాసుపత్రికి తీసుకెళుతుంది. చర్మం డాక్టరుగారి గదికి తాళం వేసి ఉంటుంది. తలుపు మీద, డాక్టరుగారు రేపు వస్తారని రాసి ఉంటుంది. బల్ల దగ్గర కూర్చున్న నర్సమ్మ గుడ్డ తీసి చూసి మొహం చిట్లిస్తుంది.

"కన్ను దాకా పాకిందంటే చూపు పోద్ది. రేపు తీసుకురా."

"రేపంటే ఎంతసేపండీ?"

"ఇవాళ అయిపోగానే."

"ఇవాళ ఎప్పుడయిపోద్దండీ?"

నర్సమ్మ కళ్ళజోడు పైనుంచి చూస్తుంది. "అది నన్నడుగుతావేంటమ్మా? ఈరోజే ఆఖరని ఊరంతటికీ చెప్పింది నువ్వు. ఆఖరి రోజు తరవాత ఇంకో రోజెక్కడినుంచి వత్తాది?"

తల్లీకూతుళ్ళు అదే ఎండలో వెనక్కి నడుస్తారు. దారిలో భవాని, "అమ్మా, నువ్వు కాసేపు అరవకపోతే?" అంటుంది. అడిగినందుకే తప్పు చేసినదానిలా తల దించుకుంటుంది.

నూకరత్నం బండి దగ్గరికొచ్చి, పిల్లని మళ్ళీ బండి కింద పడుకోబెట్టి, నోరు మూస్తుంది. ఏడేళ్ళలో మొదటిసారి. నిజంగానే పొద్దు కదులుతుంది. మెట్లు దిగే ముసలాడిలా ఆగి ఆగి, బస్సు టాపు ఎత్తుకి దిగుతుంది. నీడలు రోడ్డు దాటుతాయి. డ్రైవరు ఇంజను తిప్పుతాడు. గడియారం నాలుగూ పద్దెనిమిది చూపిస్తుంది.

అంతలోనే జనం పరిగెత్తుకొస్తారు.

ముందొచ్చినాయన తాతారావు గారు, రిటైరైన పోస్టుమాన్. కర్ర పోటేసుకుంటూ వచ్చి బండి పట్టుకుంటాడు. "ఆపకమ్మా రత్నం! తెల్లారితే నాకు ఆపరేషను. షుగరని ఈ కాలు తీసేత్తారంట. నలభయ్యేళ్ళు దీనిమీదే ఉత్తరాలు పంచాను తల్లీ."

ఆయన వెనకే పక్కనున్న ఇడ్లీ బండి ఆదిలక్ష్మి. చేతికి పిండి అలాగే ఉంది. "తెల్లారితే మా ఆయన జైల్లోంచి వచ్చేత్తాడు వదినా. ఒంటి మీద దెబ్బల్లేకుండా నేను పడుకుంది ఈ రెండేళ్ళే. ఇంకొంచెంసేపు అరుత్తానే ఉండు. నీకు పుణ్యముంటాది."

"నా పిల్ల కన్ను పోద్ది ఆదిలక్ష్మీ!"

ఆదిలక్ష్మి తల వంచుకుంటుంది. తాతారావు గారు మాత్రం వంచుకోడు. "కన్నయితే రెండోది ఉంటాది కదమ్మా" అంటాడు మెల్లిగా. "నా రెండో కాలు కిందటేడే తీసేశారు." పంచె పైకెత్తి కర్రకాలు చూపిస్తాడు. అప్పటిదాకా ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు.

విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం. వాళ్ళ వెనక ఇంకా వందమంది ఉన్నారు. ఎవరికి ఉండే రేపు వాళ్ళకుంది, ఏ ఒక్కరికీ అది అక్కర్లేదు. ఎవరూ ఆవిడ మీద చెయ్యి చేసుకోరు, బెదిరించరు. వరసలో నిలబడి డబ్బీలు కొంటారు. కొన్నవాళ్ళకి ఆఫరు చెప్పకుండా ఇవ్వడం నూకరత్నానికి రాదు. డబ్బీ అందిస్తుంటే నోరు దానంతటది తెరుచుకుంటుంది. "ఈరోజే ఆఖరు" అంటుంది. బస్సు టాపు దగ్గర పొద్దు టక్కున ఆగిపోతుంది. డ్రైవరు ఇంజను కట్టేస్తాడు. అబ్బులు గారు చేతులు నలుపుకుంటూ చూస్తుంటాడు.

నూకరత్నానికి ఒళ్ళు మండిపోతుంది. ఇన్నేళ్ళూ చెప్పిన అబద్ధమే ఇంత పని చేస్తే, నిజం ఎంత పని చెయ్యాలి! బండి ఎక్కి నిలబడుతుంది.

"ఇనండి! ఈ ఆఫరు రేపూ ఉంటాది, ఎల్లుండీ ఉంటాది. అయిదొందలన్నది ఉత్తిమాట. డేట్లన్నీ నేనంటించినయ్యే. దీంట్లో ఏం కలుపుతారో నాకు తెలీదు, అబ్బులు గారికీ తెలీదు. కావాలంటే నా కూతురి బుగ్గ చూడండి!"

వంగి భవానిని బయటికి లాగి తడిగుడ్డ తీసేస్తుంది. జనం మెడలు సాచి చూస్తారు.

"అయ్యో పాపం" అంటుంది ముందు వరసలో ఒకావిడ. "ఇది క్రీము వాడకముందన్నమాట."

"వాడాక ఎలాగవుద్దో!" అంటుంది పక్కావిడ.

"రేపూ ఉంటాదంటే రేపు రేటు పెంచుతారనేగా అర్థం. రెండివ్వమ్మా."

అలా రెండేసి, నాలుగేసి కొంటారు. నిజం చెప్పాక అమ్మకం మూడింతలయింది. ఇంతమంచి బేరం ఏడేళ్ళలో ఎప్పుడూ జరగలేదు. అబ్బులు గారు, "ఈ కొత్త మాట బాగుంది రత్నం, మిగతా సెంటర్లలో కూడా చెప్పిత్తాను" అంటాడు. థూ, ఏం లోకం! ఎరుపు భవాని కంటి రెప్ప అంచుకి చేరింది. పిల్ల ఆ కన్ను మూసేసుకుంటుంది.

బండి మీదే నిలబడి ఉంది కదా, నూకరత్నానికి అప్పుడు కనపడుతుంది. పొద్దు చేతికందేంత దగ్గర్లో, బస్సు టాపుకి ఆనుకుని, అట్లపెనమంత ఉంది. దాని అంచున ఒక స్టిక్కరు. ఈరోజు డేటు. మిగిలినవి ఎక్కడో చోట అంటించేస్తానన్న అబ్బులు గారు ఇక్కడంటించాడు!

దీన్ని పీకేస్తే కింద రేపు ఉంటుంది అనుకుంటుంది నూకరత్నం. మునివేళ్ళ మీద లేచి బొటనవేలి గోరు స్టిక్కరు కిందికి దూరుస్తుంది. ఏడేళ్ళ పనితనం, ఒక్క చిరుగు పడకుండా వచ్చేస్తుంది. దాని కింద ఇంకో స్టిక్కరుంటుంది. సోమవారం.

పిచ్చిది. ఇన్ని వేల డబ్బీలకి అంటించిన మనిషికి ఆ మాత్రం తెలియొద్దూ? కొత్త డేటు కింద ఎప్పుడూ పాత డేటే ఉంటుంది.

కిందికి చూస్తే మాత్రం భవాని బుగ్గ మీద ఎరుపు కొంచెం తగ్గింది. నూకరత్నం మళ్ళీ గోరు దూరుస్తుంది. సోమవారం పీకుతుంది, ఎరుపు కంటిని వదిలేస్తుంది. ఆదివారం పీకుతుంది, లేచిన పొర అతుక్కుంటుంది. కండక్టరు గడ్డం మొహంలోకి వెళ్ళిపోతుంది. భీమవరం బస్సు వెనక్కి నడుచుకుంటూ డిపోలోకి దూరుతుంది. శనివారం సగం పీకేసరికి బుగ్గ మీద నాలుగు ఎర్ర చుక్కలే మిగులుతాయి. పూర్తిగా పీకితే దాని కింద శుక్రవారం. బుగ్గ తళతళలాడుతుంది. ఇంక చాలు తల్లీ, ఇక్కడుంటే చాలు అనుకుని చెయ్యి దించుతుంది.

దించిన చేతి వేళ్ళ మీద క్రీము ఉంది.

నూకరత్నం ఇప్పుడు నేల మీద నిలబడి ఉంది. బండి మీద ఒక డబ్బీ మూత తెరిచి ఉంది. ఎదురుగా అయిదారుగురు ఆడవాళ్ళు చేతులు కట్టుకుని చూస్తున్నారు. అబ్బులు గారు స్టిక్కర్ల చుట్ట పట్టుకుని పక్కనే ఉన్నాడు. ఒకావిడ, "అంత మంచిదైతే ముందు నీ కూతురికి రాసి చూపించు" అంటోంది. భవాని బడి నుంచి అప్పుడే వచ్చింది. భుజం మీద పుస్తకాల సంచీ అలాగే ఉంది. కుడి బుగ్గ తల్లి వైపు తిప్పి నిలబడింది.

"రాయమ్మా, పర్లేదు" అంటుంది. "అందరూ చూత్తన్నారు."

ఇదీ జరిగింది. దొంగచాటుగా రాసుకున్నదెవరూ లేరు. ఆ శుక్రవారం ఈ రెండు వేళ్ళే ఆ బుగ్గ మీద గుండ్రంగా తిరిగాయి. ఆ తర్వాత ఆ నోరే పిల్ల మీద నింద వేసింది.

నూకరత్నం ఈసారి కూతురి బుగ్గ వైపు చెయ్యి చాపదు. వేళ్ళ మీదున్న క్రీము తీసి, తన పెదాలకే అద్దుకుంటుంది. గట్టిగా రుద్దుకుంటుంది. ఈ నోరేగా అన్నిటికీ మూలం! భగ్గున మండుతుంది. పెదాలు తెల్లబడతాయి, అతుక్కుంటాయి, చదునవుతాయి. ముక్కు కిందనుంచి గడ్డం దాకా ఇంకో బుగ్గలాంటి నున్నటి చర్మం మిగులుతుంది. నోరు లేదు.

హమ్మయ్య! పొద్దు వాలడం మొదలుపెడుతుంది. భీమవరం బస్సు హారను కొట్టి, నాలుగూ ఇరవైకి బయల్దేరిపోతుంది. శనివారం వస్తుంది ఇంక. పిల్లకి ఏమీ కాలేదు. నూకరత్నానికి నవ్వొస్తుంది. నవ్వడానికి నోరు లేదు గానీ కళ్ళు నవ్వుతాయి.

ఆడవాళ్ళు చూస్తున్నది నూకరత్నాన్ని కాదు.

"పిల్ల మొహం ఎంత నిగనిగలాడుతుందో చూశావా?" అంటుంది ఒకావిడ. "ఏం రాత్తావే అమ్మాయ్?"

భవాని తల్లి వైపు చూస్తుంది. నోరు లేని తల్లి. గుట్టగా పోసిన సరుకు. గుడ్లురిమి చూస్తున్న అబ్బులు గారు. తెలివైన పిల్ల, తల్లికి సాయం చెయ్యాలనుకునే పిల్ల. మరి అమ్మకి గొంతు పోయినప్పుడు కూతురు ఊరుకుంటుందా? ఒక డబ్బీ చేతిలోకి తీసుకుంటుంది.

"ఇదేనండి. నేను రాసేది ఇదే" అంటుంది. ఆ బుగ్గకి ఈ క్రీము ఇంకా తగలనే లేదు. ఆ తర్వాత మెడ సాచి, ఏడేళ్ళుగా వింటున్న మాట అందుకుంటుంది. "అమ్మల్లారా, అక్కల్లారా! ఈరోజే..."

పొద్దు తడబడుతుంది.

వద్దే తల్లీ అని అరవడానికి నూకరత్నానికి నోరు లేదు. ఒక్క ఉదుటున వెళ్ళి కూతురి నోటి మీద అరచెయ్యి వేసి మూసేస్తుంది. మాట ఆగుతుంది. నోరంతా మూతపడాలని ఇంకా గట్టిగా అదుముతుంది.

అప్పుడు తెలుస్తుంది ఆవిడకి, రెండు వేళ్ళకీ క్రీము జిడ్డు ఇంకా పోలేదని. ఆ రెండు వేళ్ళూ కుడి బుగ్గ మీదే ఉన్నాయి.

"ఆఁ, రాత్తంది, రాత్తంది! దగ్గరికొచ్చి చూడండి!" అంటారు ఆడవాళ్ళు. అబ్బులు గారు చుట్టలోంచి ఒక స్టిక్కరు చింపి, చెయ్యి చాపి, పొద్దు అంచున జాగ్రత్తగా అంటిస్తాడు.

నూకరత్నం చెయ్యి వెనక్కి లాక్కుని అరచెయ్యి తిప్పి చూసుకుంటుంది. అందులో రెండు పెదాలు ఉన్నాయి. ఏడేళ్ళు అరిచి పగిలిన తన పెదాలే, ఇందాక రుద్దుకున్న చేతికే వచ్చి చేరాయి. అవి తడి చేసుకుని, తెరుచుకుని, "ఈరోజే ఆఖరు" అంటాయి. భవాని తల్లి చేతిని మైకులా తన రెండు చేతుల్లోకి తీసుకుని, అందరికీ వినపడేలా పైకెత్తి పట్టుకుంటుంది.