హన్మవ్వ కలిపిన వరుస

ఇంటిపేరు అడగనిదే హన్మవ్వ ఎవరికీ మంచినీళ్లు కూడా ఇవ్వదు. ఆ పేరు తనలాగే చింతకుంట అయిందా, ఇక వాడికి చేతులు కడుక్కోక తప్పదు! బస్సులో పక్కన కూర్చున్నవాడైనా సరే, బోధన్‌లో ఆమె ఇంట అన్నం తిని కదలాల్సిందే.

చెరుకు ట్రాక్టరు నడిపే వేల్పూర్ పిల్లవాడు లింబాద్రి అట్లాగే దొరికాడు. ఫ్యాక్టరీ ముందు బండ్ల వరస కదలక, నీళ్ల కోసం వాకిట్లోకి వచ్చాడు.

"మేం చింతకుంటోళ్లం, అవ్వా."

"చింతకుంట గాదుర, సింతకుంట! నోరు తిరుగుతలేదా? మా పాలోనివే, నా మనుమనివే నువ్వు!"

జొన్నరొట్టె పెట్టి, వాడంతా తిప్పి, మనుమడు దొరికాడని చూపించుకుంది.

చెరుకు నరికినన్నాళ్లూ లింబాద్రి వస్తూనే ఉన్నాడు. తన మీద ప్రేమేనని ముసలమ్మ మురిసిపోయింది. పిచ్చి తల్లి! రొట్టె వడ్డించేది మనుమరాలు గంగామణి అని ఆమెకు తట్టలేదు.

చెరుకు అయిపోగానే అతను పెద్దమనుషులతో పిల్లనడగ వచ్చాడు. చేసుకుంటే ఇతన్నే చేసుకుంటానంది గంగామణి.

హన్మవ్వ కొడుకు, గంగామణి తండ్రి బాపురావు తల పట్టుకున్నాడు. "ఇంటిపేరు ఒక్కటైతే అన్నాచెల్లెండ్లే గద! ఎట్లిస్తం?"

పిల్ల కళ్లలో నీళ్లు చూసి హన్మవ్వ గుండె చెరువైంది. "వాళ్లది చింతకుంట, మనది సింతకుంట. ఏడికేడ సంబంధం?" అంది బింకంగా.

"వాడంత తిప్పి మనుమడన్నది ఎవలే, అవ్వా?" అన్నాడు బాపురావు.

హన్మవ్వ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారి నిజామాబాద్ బస్సెక్కి కంఠేశ్వర్‌లో దిగింది. అక్కడ గంగామణి మేనమామ సిద్దిరాములు ఉంటాడు. వాళ్ల ఇంటిపేరు ఆకుల.

"పిల్లను నీ బిడ్డగ సాదుకో, సిద్దిరాములూ. కన్యాదానం నీ చేతుల మీదనే కావాలె. గప్పుడు అది మీ ఇంటి పిల్లయితది."

"సరే అత్తా. గాని పిల్ల మీది గాదని పదిమందిల నువ్వే చెప్పాలె. చెప్తవా?"

పెళ్లినాడు పొద్దున్నే పిల్లను సిద్దిరాములు దంపతుల ఒళ్లో కూర్చోబెట్టి హన్మవ్వ నోరు తెరిచింది. కళ్లు గట్టిగా మూసుకుని, "ఇగ ఇది సింతకుంట పిల్ల గాదు, ఆకులోళ్లది" అనేసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తాళి పడింది. అక్షింతలు పడుతుండగానే సిద్దిరాములు మేలమాడాడు. "ఏమత్తా, నా బిడ్డ ఇంటిపేరు మళ్ల మారిపాయె!"

హన్మవ్వ ఏడుపు ఠక్కున ఆగింది. "అవును గదరా! అందరి ఆడివిల్లలు లగ్గమైతే ఇంటిపేరు ఇడిసిపోతరు. నా పిల్ల లగ్గమైనంకనే ఇంటికొచ్చింది!"