చెమట పట్టిన ఐసు

మా ఆయన ముప్పయ్యేళ్లు ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఇంటికొచ్చి గంట గడిచినా ఆయన చేతులు చల్లగానే ఉండేవి. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి ఫ్యాక్టరీకి వెళ్లి, అప్పుడే డబ్బాలోంచి తీసిన దిమ్మ మీద అరచెయ్యి ఆనించాను. చర్మం అతుక్కుపోయింది. ఆయన నీళ్లు పోసి విడిపించి, "కొత్త ఐసు కరుస్తుంది. చెమట పట్టనిచ్చి ముట్టుకో, అప్పుడు చల్లబరుస్తుంది," అన్నాడు. ఆ మాట నాకు కంఠతా వచ్చు. సరిగ్గా అవసరమైన రోజునే దాన్ని పక్కన పెట్టాను.

ఆయన కరోనా మొదటి విడతలోనే పోయాడు. అప్పటికి టీకా అనేదే లేదు. ఆస్పత్రి గేటు దాకా తన కాళ్ల మీదే నడిచి వెళ్లాడు. తరువాత ఇంట్లో మిగిలింది నేనూ, వదినా. వదిన అంటే ఆయన అక్క. అచ్చాఫీసులో సీసం అక్షరాలు పేర్చే పని చేసి మానుకుంది. ఆ దుమ్ము వల్లో వయసు వల్లో ఊపిరి అందదు. తుంటి ఎముక విరిగాక మంచం దిగడమూ కష్టమైంది.

నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. అందరూ తలుపులేసుకుని కూర్చున్న ఆ నెలల్లో మందుల అట్టల మీద, సబ్బు కాగితాల మీద వేలు పెట్టి చూపించేది. నేను గుణింతాల దగ్గరుండగా టీవీలో డెల్టా అన్నారు. ఒత్తుల దగ్గరికొచ్చేసరికి ఒమిక్రాన్ అన్నారు. అవి గ్రీకు వాళ్ల అక్షరాలట.

"చూశావటే, రోగం కూడా అక్షరాలు దిద్దుతోంది. నీకంటే అదే చురుకు," అనేది వదిన.

చదవడం వచ్చిందన్న ధైర్యంతో మా పక్క వీధి ఆరోగ్య కేంద్రంలో ఆయాగా చేరాను. ఊడ్చి తుడవడంతో పాటు ఐసు ప్యాకుల పని కూడా నాకే అప్పగించారు. టీకా సీసాలు పట్టుకెళ్లడానికి ఒక నీలం పెట్టె ఉంటుంది. దానిలోపల నాలుగు గోడలకీ నాలుగు ప్యాకులు నిలబెడతాం. అవి నీళ్లు నింపి గడ్డకట్టించిన ప్లాస్టిక్ పలకలు. మధ్యలో ప్లాస్టిక్ సంచిలో సీసా. ఆ ప్యాకుల్ని ఫ్రీజర్లోంచి తీసీ తియ్యగానే పెట్టకూడదు. అరగంటో ఇంకాస్త ఎక్కువో బల్ల మీద ఉంచాలి. పైనున్న తెల్లటి మంచు పోయి చెమట పట్టాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి. లేకపోతే ఆ చలికి సీసాలో మందు గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన టీకా మళ్లీ కరిగినా పనికిరాదు. చూడ్డానికి మాత్రం తేడా తెలియకపోవచ్చు. నర్సమ్మ మొదటి రోజు ఇదంతా చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. మా ఆయన మాటే తెల్లకోటు వేసుకుని వచ్చిందనిపించింది.

మూడో డోసు మొదలైనప్పుడు, ఇల్లు కదలలేని పెద్దవాళ్లకి ఇంటికే వెళ్లి వేయమన్నారు. మా వాటాకి ఒక్క సీసా వచ్చింది. సీసాకి పది డోసులు. జాబితాలో పది పేర్లు. వదిన పేరు పదోది, ఎందుకంటే మా ఇల్లు దారిలో ఆఖరున వస్తుంది. ఆవిడ రెండో డోసు వేయించుకుని అప్పటికి పది నెలలు. కొత్త రకం రెండు వీధుల అవతలికి వచ్చేసింది. "ఈవిడ ఊపిరితిత్తులు ఇంకో దెబ్బ తట్టుకోలేవు. ఈ డోసు ఆలస్యం చెయ్యకండి," అని డాక్టరుగారు నాతో విడిగా చెప్పారు.

ఆ పొద్దున ఎండ ఎనిమిదింటికే చుర్రుమంటోంది. పది ఇళ్లు, ఒక్కో ఇంట్లో వేశాక అరగంట కూర్చోవడం. మా ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అప్పటికి ప్యాకులు కరిగిపోయి మందు వేడెక్కిపోతే? ఆ ఒక్క ఆలోచన నా బుర్రలో దూరింది. ప్యాకుల్ని బల్ల మీద పెట్టే వేళ దాటిపోతున్నా కావాలనే ఫ్రీజరు తలుపు తియ్యలేదు. నర్సమ్మ స్కూటరు స్టార్టు చేశాక పరుగున వెళ్లి, రాళ్లలా ఉన్న నాలుగింటినీ తీసి పెట్టెలో నిలబెట్టాను. మధ్యలో సీసా పెట్టి మూత బిగించాను. ఎంత గట్టి ఐసైతే వదినకి అంత మంచి మందు అందుతుందనుకున్నాను.

పెట్టె ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. దారంతా గుంతలు. రోజూ స్కూటరు గుంతలో పడ్డప్పుడల్లా నా ఒళ్లో పెట్టె గుడగుడమంటుంది. నర్సమ్మ అద్దంలోంచి చూసి, "పిన్నీ, నీ కడుపా, పెట్టా?" అని ఏడిపిస్తుంది. ఆ రోజు మూడు గుంతలు దాటాం. నాలుగోది కూడా దాటాం. చప్పుడు లేదు.

ఏం చేశానో అప్పుడు తెలిసింది నాకు. చేతిలో పెట్టె, చెవిలో మా ఆయన మాట.

మొదటి ఇల్లు గడియారాలు బాగుచేసే తాతగారిది. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గడ్డం గీయించుకుని, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "మా నాన్న తన పెళ్లికి కూడా ఇంతలా తయారై ఉండడు," అంది ఆయన కూతురు. నర్సమ్మ నవ్వుతూ చేతులు శుభ్రం చేసుకుని పెట్టె మూత తీసింది. మాస్కు ఊపిరికి ఆవిడ కళ్లజోడు మసకబారి ఉంది. సీసా ఉన్న సంచి ప్యాకుకి అతుక్కుపోయి, లాగితే పటుక్కుమని ఊడింది. ఆవిడ అది గమనించలేదు. సీసాని గుప్పిట్లో పెట్టుకుని తాతగారి చొక్కా చేతిని పైకి మడవమని కూతురికి చెబుతోంది.

ఆ గుప్పిటి వెచ్చదనానికి మందు కరిగి ఎప్పటిలా కనిపిస్తుంది. నేను నోరు మూసుకుంటే పదిమందికీ సూది పడుతుంది, కార్డు మీద ముద్ర పడుతుంది, అందరూ సంతోషిస్తారు. వదిన కూడా సంతోషిస్తుంది. చెబితే ఈ సీసా పోయినట్టే. ఇంకోటి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కానీ ఏమీ లేని సూదిని నమ్ముకుని వదిన కిటికీ తెరుచుకుని కూర్చుంటే? ఆ కూర్చున్న మనిషి నా కళ్ల ముందు కనిపించింది.

"ఆగండమ్మా," అన్నాను. "అది వెయ్యొద్దు. నేను ప్యాకులకి చెమట పట్టనివ్వలేదు."

నర్సమ్మ చేయి గాలిలో ఆగిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టెలోకి చూసింది. ప్యాకుని వేలితో తాకింది. ఊపింది. మళ్లీ ఊపింది.

"నువ్వా, పిన్నీ?" అంది. "ఇంకెవరైనా చేశారంటే నమ్ముతాను. నువ్వా?"

"వదినది ఆఖరి ఇల్లు కదమ్మా. కరిగిపోతుందని భయపడ్డాను."

ఆవిడ తిట్టలేదు. గుమ్మం మెట్టు మీద కూలబడి సీసాని సంచిలో పెట్టి, సంచి మీద పెన్నుతో అడ్డంగా ఒక గీత గీసింది. ఆ గీత తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

తాతగారు మడిచిన చొక్కా చేతిని కిందికి దించుకున్నాడు. "అయితే ఈ చొక్కా విప్పేసి దాచుకోవాలన్నమాట," అన్నాడు. తరువాత నా వంక చూసి, "ఆగిపోయిన గడియారంతో పెద్ద ప్రమాదం లేదమ్మా. ఆగిందని తెలుస్తుంది. తిరుగుతూ తప్పు టైము చూపించేదే మనిషిని ముంచుతుంది. పోనీలే, ఏడవకు," అన్నాడు.

మిగతా ఇళ్లకి నేనే నడిచి వెళ్లాను. నర్సమ్మ ఫోన్లో చెబుతానంది గానీ నేను ఒప్పుకోలేదు. "ఐసు ఎక్కువైంది, మందు పాడైంది, చేసింది నేనే," అని తొమ్మిది గుమ్మాల ముందు చెప్పాలనుకున్నాను. ఎనిమిదింటి దగ్గర చెప్పాను. ఒకావిడ తలుపు నా మొహం మీదే వేసింది. ఇంకో ఇంటి కోడలు, "మా అత్తగారు పొద్దుట్నించీ రవిక చెయ్యి మడుచుకుని కూర్చుంది. నువ్వే లోపలికొచ్చి చెప్పు, నా వల్ల కాదు," అంది. లోపలికెళ్లి చెప్పాను. ఆ ముసలావిడ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఆ నీళ్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

తొమ్మిదో గుమ్మం మాదే.

వదిన గోడకి దిండు ఆనించుకుని కూర్చుని ఉంది. విషయం విని నన్ను కింద నుంచి పై దాకా చూసింది.

"మొగుడు ముప్పయ్యేళ్లు ఐసు కోసి పెడితే, పెళ్లానికి ఐసు సంగతి తెలీకపోయిందా?"

"తెలుసు వదినా."

"తెలిసీ?"

"నీ దాకా వచ్చేసరికి కరిగిపోతుందని..."

"అంత ప్రేమ నా మీద ఎప్పట్నుంచే?" అంది వదిన. "నువ్వు కొత్తగా వచ్చినప్పుడు నా దువ్వెన దాచేసిన దానివి. సర్లే. ఏడుపాపి ఆ మాస్కు మార్చుకో, తడిసిపోయింది. వీధి వైపు కిటికీ వేసెయ్."

ఆ కిటికీ ఎనిమిది రోజులు తెరవలేదు. నేను కేంద్రం నుంచి రాగానే బయటే స్నానం చేసి, వరండాలోనే పడుకునేదాన్ని. వదినకి కావలసినవి మంచం పక్కన పెట్టి వెంటనే బయటికి వచ్చేసేదాన్ని. మూడో రోజు ఎదురింట్లో నలుగురికీ జ్వరాలన్నారు. అయిదో రోజు పొద్దున్నే వదిన దగ్గింది. ఒకసారి కాదు, వరసగా. నర్సమ్మకి ఫోన్ చేశాను. నర్సమ్మ టెస్టు కిట్టు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. గీత ఒకటొస్తే రోగం లేనట్టు, రెండొస్తే ఉన్నట్టు. పావుగంట ఆగాలి. ఆ పావుగంటలో నేను మొక్కని దేవుడు లేడు. ఆ తెల్లపలక మీద ఒక్క గీతే నిలబడింది. వట్టి జలుబు.

"నా జలుబుకి కూడా ఏడుస్తోందమ్మా ఇది," అని వదిన నర్సమ్మతో చాడీ చెప్పింది.

వెళ్లేటప్పుడు నర్సమ్మ నన్ను గేటు దగ్గరికి పిలిచింది. "ఎల్లుండి కాక అవతలెల్లుండి ఒక సీసా ఇస్తామన్నారు. జరిగింది జరిగినట్టే రాసి పంపాను. నువ్వే బయటపెట్టావని కూడా రాశాను. ప్యాకులు నువ్వే పెట్టాలి, పిన్నీ."

"నాకు భయమమ్మా. ఇంకెవరికైనా చెప్పండి."

"భయపడేవాళ్లే పెట్టాలి. ఇంకో పని కూడా ఉంది. ఫ్రీజరు మీద అంటించడానికి నీ చేత్తో ఒక అట్ట రాసి తీసుకురా. కొత్తవాళ్లు ఎవరొచ్చినా చదువుకోవాలి."

ఆ సాయంత్రం వరండాలో కూర్చుని రాశాను. రాసింది గుమ్మంలోంచి పైకెత్తి చూపిస్తే, వదిన మంచం మీంచే తప్పులు చెప్పింది. అచ్చాఫీసు కళ్లు ఇంకా పోలేదు ఆవిడకి. నాలుగుసార్లు తిరగరాశాక మిగిలింది ఇది: "ప్యాకులు ముందే తీసి బల్ల మీద ఉంచండి. చెమట పట్టాలి. ఊపితే నీళ్ల చప్పుడు వినాలి. తొందరపడకండి." నేను ఎవరికోసమో రాసిన మొదటి రాత అదే. అది ఇప్పటికీ ఆ ఫ్రీజరు మీదే ఉంది, అంచులు చిరిగాయంతే.

సీసా వచ్చిన రోజు నేను ఏడింటికే కేంద్రంలో ఉన్నాను. నాలుగు ప్యాకులూ బల్ల మీద వరసగా పెట్టి ఎదురుగా కూర్చున్నాను. మంచు తెల్లదనం పోయింది. సన్నగా నీటి చుక్కలు పుట్టాయి. ఒక్కోటి చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. నాలుగూ పలికాయి. స్కూటరు మొదటి గుంతలో పడగానే ఒళ్లో పెట్టె గుడగుడమంది. "హమ్మయ్య, పిన్ని కడుపు మాట్లాడింది," అంది నర్సమ్మ. తాతగారు మళ్లీ అదే ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. తలుపు మొహం మీద వేసినావిడ ఈసారి తలుపు బార్లా తీసి మాకు టీ ఇచ్చింది. మధ్యాహ్నం రెండింటికి వదిన మూడో డోసు వేయించుకుంది. ప్యాకుల్లో ఇంకా ఐసు మిగిలే ఉంది. నా భయమంతా ఉత్తదే.

నెలన్నర తరువాత ఆ రోగం మా ఇంటికీ వచ్చింది. ముందు నాకు, ఆ వెంటనే వదినకి. డాక్టరుగారు రోజూ ఫోన్ చేశారు, నర్సమ్మ పూటపూటా వచ్చి వేలికి బట్టల క్లిప్పులాంటి ఆక్సిజన్ మిషను పెట్టి చూసింది. మూడు రోజులు జ్వరం, వారం నీరసం. వదినకి ఊపిరి ఒక్క పూట కూడా తగ్గలేదు. ఆస్పత్రి గేటు చూడలేదు. ఆ మందు ఎవరు కనిపెట్టారో, ఏ చేతుల మీదుగా మా వీధి దాకా వచ్చిందో నాకు తెలియదు. తెలిసిన చేతులకి దణ్ణం పెట్టాను, తెలియనివాటికి కూడా పెట్టాను. ఆయనకి ఇది అందలేదన్న దుఃఖం ఉంది. ఆయన అక్కకి అందింది.

జ్వరం ఎక్కువగా ఉన్న రెండో రోజు వదిన నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే, "గుడ్డ కాదే, ఐసు పెట్టు," అని గోల చేసింది. ఫ్రిజ్జులోంచి ముక్కలు తెచ్చి గిన్నెలో పోసి పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

"పెట్టవేం? దాంతో ముచ్చట్లాడుతున్నావా?"

"ఆగు వదినా. కొత్తది కరుస్తుంది. చెమట పట్టనీ."

వదిన కళ్లు మూసుకునే నవ్వింది. "మా తమ్ముడూ ఇంతే. ఎప్పుడడిగినా ఆగమనేవాడు," అంది. గిన్నె అంచున నీటి చుక్క జారేదాకా ఇద్దరం ఆగాం.