మంచమెత్తు బల్ల

పక్షవాతం వచ్చాక కామాక్షమ్మ నవ్వింది ఒక్కసారే. హౌరాలో కాలూ చెయ్యీ ఆడించే డాక్టరు దగ్గర, కుడిపక్కన అద్దాల తొట్టిలో ఎర్ర చేపలు తిరుగుతుంటే చూసి నవ్వింది. ఆ నవ్వు ఆమె మొగుడు బైరాగి కంటపడింది. ఇంటికొచ్చే దారిలో, నీకూ చేపలు తెస్తానన్నాడు. మర్నాడు తొట్టి పెట్టే బల్ల కోసం సైకిలుకి కట్టుకుని గట్టి శాల్ కర్ర తెచ్చాడు.

లిలువా వర్క్‌షాపులో రైలుపెట్టెల చెక్కపని చేసిన చెయ్యి అది. నీళ్లు నింపిన తొట్టి ఇద్దరు మనుషుల బరువు. పైగా ఇల్లు పట్టాల పక్కనే, బండి పోయినప్పుడల్లా గిన్నెలు గలగలమంటాయి. అందుకని కాళ్లకు బెజ్జాలు తొలిచి అడ్డకర్రలు దిగ్గొట్టాడు. వెనక గోడకు బోల్టులు బిగించాడు. తొట్లమ్మే కొట్టువాళ్లు నడుమెత్తు చేయించుకోమన్నారు. బైరాగి మంచం పక్కన చతికిలబడి, పడుకున్న మనిషి కంటికి తాడు పట్టి చూసి, అంత ఎత్తే చేశాడు. కూతురు రోజారాణి తొట్టి కొనుక్కొచ్చి చేపల్ని వదిలింది.

కామాక్షమ్మ తల తిప్పలేదు.

గది ఇరుకు. తూర్పుగోడకు ఆనించి మంచం, దక్షిణం తల. ఖాళీగా ఉన్నది పడమటిగోడే, అంటే ఆమెకు ఎడమపక్క; బల్ల అక్కడే బిగించాడు. ఆమె మొహం మాత్రం ఎప్పుడూ తూర్పుగోడవైపే. తనమీద కోపమనుకున్నాడు బైరాగి. ఉద్యోగమున్నన్నాళ్లూ ఆమెతో నాలుగు మాటలాడిన పాపాన పోలేదు. ఇప్పుడు ఆమె వంతు కాబోలని సరిపెట్టుకున్నాడు.

ఓ సాయంత్రం గంజి తాగిస్తుంటే ఆమె అడిగింది. "సేపలెప్పుడు తెత్తావు?"

వెటకారమనుకున్నాడు. "కళ్లెదురుగా ఎట్టుకుని ఏటే ఆ మాట?"

"ఏవీ?" అంది.

రోజారాణికి అనుమానమొచ్చింది. తల్లికి ఎడమపక్కన దీపం ఆడించింది. రెప్ప కదల్లేదు. కుడిపక్కకు తెస్తే కళ్లు దాని వెంటే పోయాయి. డాక్టరుకి ఫోను చేస్తే, ఎడమచెయ్యి పోయినట్టే ఎడమపక్క చూపూ పోయిందన్నాడు.

"మంచం తిప్పేద్దాం నాన్నా," అంది రోజారాణి. "తల ఇటెడితే తొట్టి కుడిపక్కకొచ్చేత్తాది."

"ఉత్తరం తలా?" అన్నాడు బైరాగి. "యముణ్ణి పిలిసి పీటేసినట్టే. మంచం అటు జరిపి, బల్ల ఇటు మారుత్తాను."

కూతురు ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు. నీళ్లు తోడి పారబోసి, చేపల్ని బకెట్లో వేశాడు. గట్టిగా ఉండాలని తాను బిగించిన బోల్టులు ఇప్పుడు తనకే లొంగలేదు. పొద్దుగూకులూ ఉలి పెట్టి గోడ తవ్వుతూనే ఉన్నాడు. మధ్యలో కామాక్షమ్మ ఒకసారి, అయిందా అని అడిగింది. రేపటికల్లా చూద్దువుగాని, కాస్త ఓర్చుకోమన్నాడు. ఆమె సరేనంది.

తెల్లారి లేపబోతే ఒళ్లు చల్లబడిపోయి ఉంది.

శ్మశానఘాట్ నుంచి వచ్చి, స్నానాలు చేసి, చుట్టాలంతా వెళ్లిపోయారు. రోజారాణి బకెట్ ముందు కూలబడింది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

"ఒక్క సేపని గలాసులో ఏసి ఈపక్కన సూపించినా సాలును గదా నాన్నా. నాకు తోచనేదు."

"నీక్కాదమ్మా," అన్నాడు బైరాగి. "నాకు తోచాల."