సుగుణమ్మ ఇంటి కరెంటు

మూడో ఇంటి తీగ కత్తిరించి స్తంభం దిగాడు ఆగయ్య. నిచ్చెన భుజానికెత్తుకుని మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులోకి మళ్లాడు. ఇరవై రెండేళ్లుగా లైన్‌మన్ పని; ఇప్పటికీ కాంట్రాక్టే. ఎప్పుడో షాకు కొట్టి ఎడమచేతి రెండు వేళ్లు కొయ్యబారాయి. ఎవరింటి కరెంటు తీసినా వాళ్ల ముఖం చూడకుండా వెళ్లిపోవడం అతనికి అలవాటు.

బిల్లు బాకీల జాబితాలో నాలుగో పేరు సుగుణమ్మ.

గుమ్మం పక్కనే మంచం. ముక్కుకు గొట్టం పెట్టుకుని దిండ్లకు ఆనుకుని కూర్చుంది ముసలమ్మ. పక్కన ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటోంది. నిచ్చెన చూడగానే కోడలు స్వరూప అడ్డంగా నిలబడింది.

"అన్నా, డాక్టర్ చిట్టీ నెల కిందనే మీ ఆఫీసుల ఇచ్చిన. ఇది బందైతే మా అత్త బతకదు."

ముసలమ్మ మాటమాటకూ ఊపిరి తీసుకుంటూ, "చాయ్... తాగుతవా... బిడ్డా?" అంది.

కరెంటు తీయడానికొచ్చినవాడికి చాయ్! ఆగయ్యకు తల కొట్టేసినట్టయింది. నిచ్చెన గోడకు ఆనించి ఇంజనీరుకు ఫోన్ చేశాడు.

"ఈ ఇంటి కరెంటు నేను కొయ్య సార్. ఆఫీసుకొస్తున్న, మాట్లాడుదం."

నిచ్చెన అక్కడే ఉంచి బండి మీద బయల్దేరాడు. ఆఫీసులో ఇంజనీరు కంప్యూటర్ మీంచి కళ్లెత్తలేదు. డాక్టర్ చిట్టీ ఫైళ్ల కింద అట్లాగే ఉంది, ముట్టినట్టు ముద్రతో సహా.

"సిస్టంల పేరొచ్చింది ఆగయ్యా. రోగమని రాసేటందుకు అండ్ల జాగ లేదు. నువ్వు కొయ్యనంటివి, ఇంకో ఇద్దర్ని పంపిన."

"మనిషి సస్తది సార్! జాగ లేకపోవుడేంది?"

ఇరవై రెండేళ్లలో ఆ గదిలో అతను గొంతెత్తడం అదే మొదలు. జవాబుకు ఆగకుండా బండెక్కాడు.

సందులో తీగ తెగి వేలాడుతోంది. మిషన్ చప్పుడు లేదు. సుగుణమ్మ తల ఒక పక్కకు వాలి ఉంది. స్వరూప నేల మీద కూర్చుంది.

"అంబులెన్స్ ఇంకా రాలే" అంది. స్తంభానికి ఆనించి ఉన్న నిచ్చెన చూపిస్తూ, "నీ నిచ్చెననే ఎక్కి కోసిన్రు అన్నా" అంది.

ఆగయ్య అదే నిచ్చెన ఎక్కి, ఎవరి ఉత్తర్వూ లేకుండా తీగ కలిపాడు. స్తంభం మీదినుంచే ఫోన్ చేశాడు.

"ఆగయ్య కలిపిండని రాసుకో సార్. ఆమెను సంపినమని గూడ రాయి. రేపటి సంది నేను రాను."

ఇంట్లో బల్బు వెలిగింది. మంచం మీద, గాలాడక కొట్టుకున్న అత్తకు స్వరూప విసనకర్రలా విసిరిన పిల్లల పరీక్ష అట్ట పడి ఉంది. చెమట చేతులు పట్టిన చోట దాని అంచు ఇంకా తడిగానే ఉంది.